రేపు దిగుతుందిలే

ఆ ఇంట్లో పొద్దున్నే స్నానాల గది తలుపు తెరవాలంటే ముందు రగ్గులు జరపాలి. మూడు నెలలుగా ఇదే వరస. బావ పనిచేసే రగ్గుల మిల్లులో సగం జీతం డబ్బుగా ఇస్తున్నారు, మిగతా సగానికి రగ్గులు చేతిలో పెడుతున్నారు. అవైనా మంచివి కావు. అంచు వంకరపోయినవీ, రంగు సరిగా పట్టనివీ. ఉన్న రెండు గదుల్లో గోడ వారన కప్పుదాకా పేరుకుపోయాయి. ఎండలు మండుతున్న రోజుల్లో రగ్గులు కొనే మహానుభావుడు ఎవడు?

"కోట బాగానే కట్టావు గానీ బావా, లోపలికి పోయే దారి మర్చిపోయావు," అంది చెల్లెలు, దొంతరను భుజంతో నెడుతూ.

"అది కదపకు! మెల్లగా, కత్తెరా, మెల్లగా!" బావ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు.

కత్తెర అన్నది మరదలికి బావ పెట్టిన పేరు. ఆమె యూనిఫారాలు కుట్టే కంపెనీలో గుడ్డ కత్తిరిస్తుంది. చెయ్యి పదును, నోరు అంతకంటే పదును అంటాడు.

పదకొండు నెలల కిందట సొంత దేశంలో దర్జీ షాపులో నిలకడైన పని వదిలేసి ఆమె ఈ దేశం వచ్చింది. "ఇక్కడ ఒక నెల జీతం అక్కడ మూడు నెలల జీతమే," అని అక్క ఫోన్లో అంది. అబద్ధం చెప్పలేదు, అప్పటికి అది నిజమే. చెల్లెలు వచ్చిన నాలుగో నెల నుంచి ఇక్కడి డబ్బు విలువ జారిపోవడం మొదలైంది. ఇప్పుడు ఇక్కడి నెల జీతం అక్కడి ఇరవై రోజుల కూలికి సాటి రాదు. జీతం చీటీ మీద అంకె మారలేదు, దాని లోపలి సత్తువే పోయింది. కత్తిరించే గుడ్డ మాత్రం ఒక్క గజం కూడా తగ్గలేదు. టీవీలో పెద్దమనుషులు దీన్ని సర్దుబాటు అన్నారు. సర్దుకోవలసింది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఆ పొద్దున టీ తాగుతుండగా చెల్లెలికి ఫోనొచ్చింది. పాత షాపు ఓనరు.

"ఒకటో తారీఖు దాకా నీ బల్ల ఖాళీగా ఉంచుతానమ్మా. ఆ తర్వాత ఇంకొకళ్ళని పెట్టుకోక తప్పదు."

ఫోన్ పెట్టేసి ఆమె బావ వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది. "బావా, నా డాలర్లు ఇచ్చెయ్. ఇవాళే టికెట్ తీసుకుంటాను."

బావ టీ గ్లాసులోకి చూశాడు. డబ్బు మార్చే షాపు మిల్లుకు పోయే దారిలోనే ఉంది. అందుకే డబ్బు విలువ జారడం మొదలైనప్పటి నుంచీ ఆమె నెలనెలా కొంత అతడి చేతిలో పెడుతూ వచ్చింది, ఆ పూటే డాలర్లుగా మార్చమని.

"మార్చలేదు," అన్నాడు.

"ఏంటీ?"

"లైన్లో నిలబడ్డానే! బోర్డు చూస్తే డాలరు నిన్నటికంటే ఎక్కువుంది. ఇంత చెమటోడ్చిన డబ్బు ఈ రేటుకు పారెయ్యాలా అని కడుపు మండింది. రేపు దిగుతుందిలే అని వచ్చేశాను."

"రేపు దిగిందా?"

"ఇంకా ఎక్కింది. అలాంటప్పుడు మార్చితే వెర్రివాణ్ణి అవుతాను కదా అనుకున్నా."

"ఏడు నెలలా బావా? ఏడు నెలలు రేపు దిగుతుందిలే అనుకుంటూ కూర్చున్నావా?"

అక్క నర్సు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గదిలోంచి వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పానండీ మీకు! జీతం చేతికొచ్చిన పూటే మార్చెయ్యండి, ఆశపడకండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నానా లేదా?"

"ఎక్కడుంది నా డబ్బు?" చెల్లెలు అరిచింది.

బావ దొంతర వైపు చూపించాడు. ఆమె కోపంగా మధ్యలో రగ్గొకటి పట్టి లాగింది. దొంతర మొత్తం కూలింది. మడతల్లోంచి బావ దాచిన గోధుమరంగు కవరు జారిపడింది. దాని వెనకే ఇంకొకటి, మాత్రలు కట్టి ఇచ్చే ఆస్పత్రి కవరు. లావుగా ఉంది.

బావ వంగి దాన్ని తీశాడు.

"ఇదెవరిది?" అన్నాడు బావ.

"నాదే," అంది అక్క. "కొత్త మంత్రి వచ్చాడు, డాలరు దిగుతుందని వార్డులో అందరూ అన్నారు..."

"నాకు రోజూ క్లాసు పీకి, నా రగ్గుల్లోనే దాచావటే!"

"నోరు మూసుకోండి ఇద్దరూ!" అంది చెల్లెలు. "హాయిగా ఉన్నదాన్ని పిలిచి ఇక్కడ పడేశారు. నువ్వు రమ్మంటేనే వచ్చానక్కా. వెనక్కి పోయే దారి కూడా మూసేస్తారా?"

అక్క రగ్గుల కుప్ప మీదే కూలబడింది.

"అవునే. రమ్మన్నది నేనే. అందుకే మార్చలేకపోయాను. మార్చితే ఎంత పోయిందో చేతిలో కనబడుతుంది. నిన్ను తీసుకొచ్చి ముంచానని తేలిపోతుంది. మార్చనంతకాలం ఇంకా ఏమీ పోలేదన్నట్టే ఉంటుంది కదే..."

చెల్లెలు తన సంచి దగ్గరికి వెళ్ళింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కల డబ్బా తీసి, మూత విప్పి, రగ్గుల మీద బోర్లించింది. సుద్దపొడి అంటిన నోట్లు. రెండు నెలల ఓవర్‌టైం డబ్బు.

"బావకి ఇవ్వకుండా దాచుకున్నా," అంది తల దించుకుని. "రోజూ ఫోన్లో రేటు చూస్తున్నా."

బావ ఆ నోట్లను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "ఇక నన్ను తిట్టడానికి ఎవరైనా మిగిలారా?" అన్నాడు. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ముగ్గురి నోటా ఒకేసారి వచ్చింది.

ముందుగా తేరుకున్నది బావే. కవర్లు రెండూ ఏరి, సుద్ద నోట్లు దులిపి, చొక్కా తొడుక్కున్నాడు. "పదండి. ముగ్గురం పోదాం. ఒక్కళ్ళం పోతే మళ్ళీ వెనక్కొచ్చేస్తాం."

షాపులో అతడు లైన్లో నిలబడితే, అటొకరూ ఇటొకరూ చేతులు పట్టుకున్నారు. "బోర్డు వైపు చూడకండి," అంది అక్క. అద్దం వెనక కూర్చున్నామె నోట్ల కట్టలన్నీ మెషిన్లో పెట్టి, బదులుగా నాలుగు వేళ్ళ మధ్య ఇమిడే పలచటి డాలర్లు తోసింది. ముగ్గురూ దాచిందంతా కలిపితే ఒక్క టికెట్‌కి సరిపోయింది.

అక్క ఆ డాలర్లను చెల్లెలి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. "రమ్మన్నది నేను. పంపేదీ నేనే."

"మరి మీరో?"

"మాకింకా ఏడాది ఒప్పందం ఉంది. ఇక నుంచి జీతాల పూట ఇద్దరం చేతులు పట్టుకుని వస్తాం."

గుమ్మం దాటుతుండగా వెనక జనంలో కలకలం రేగింది. బోర్డు మీద డాలరు రేటు మళ్ళీ పైకెక్కింది. బావ ఆగి, తల తిప్పి చూసి, పెద్దగా నవ్వేశాడు. ఏడు నెలల్లో ఆ బోర్డు ముందు అతడు నవ్వింది అదే మొదటిసారి.

"చూశావా కత్తెరా! పది నిమిషాలు ముందొచ్చాం!"

చెల్లెలు నవ్వలేదు. అక్క భుజం మీద ముఖం పెట్టి ఏడ్చేసింది.

"ఇంకా ఏడుపెందుకే? పోతున్నావుగా?"

"పోతున్నాననే," అంది. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ బావ వైపు తిరిగింది. "బావా, నాకో రగ్గియ్యి. అంచు వంకరపోయిందే ఇవ్వు. నా బల్ల మీద వేసి, ఆ అంచు నేను సరిచేసుకుంటాను."