హఫ్సా ఆఖరి బాస్కెట్

హఫ్సా నాతో మొదటిసారి మాట్లాడింది కోపంగానే. ప్రాక్టీసు టైం అయిపోయిందని నేను హాల్లో లైట్లు ఆర్పేశాను. అప్పుడే ఆమె విసిరిన బాల్ చీకట్లో రింగుకు తగిలి, ఎగిరొచ్చి నా వీపు మీద పడింది.

"అది పడే బాల్ అబ్బా. చెడగొట్టినావు," అంది.

టైం అయిపోయింది మేడం అన్నాను. ఆ రోజు నుంచి ఆమెకు నేను రియాజ్‌ని కాదు, గడియారం సార్‌ని.

సౌదీలో, తాయిఫ్‌లోని ఆ క్లబ్బులో ఏసీలు, లైట్లు చూసుకోవడం నా ఉద్యోగం. మ్యాచ్ ఉన్నప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని టైమర్ నడుపుతాను. హఫ్సా అక్కడి మహిళల జట్టుకు కెప్టెన్. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇక్కడ అత్తరు దుకాణం పెట్టుకున్న మహబూబ్ సుభాని కూతురు. దుకాణం వెనక గోడకు ఆయన బిగించిన రింగు దగ్గరే ఆట నేర్చుకుంది. ఇప్పుడు మాల్ ముందు ఆమె నిలువెత్తు ఫొటో ఉంది. ఆడపిల్లలు ఆమె నంబరున్న చొక్కాలు వేసుకుని మ్యాచ్‌కి వస్తారు. అంత పేరొచ్చినా ప్రాక్టీసుకు అందరికంటే ముందొచ్చేది, చివర వెళ్లేది ఆమే.

నేనూ లైట్లు ఆర్పడం ఆలస్యం చేయసాగాను. బాల్స్ అందిస్తూ మా కర్నూలు కబుర్లు చెప్పేవాణ్ణి. మీ ఊరి ఎండల కంటే నీ మాటలే ఎక్కువని ఆమె ఏడిపించేది.

ఫైనల్ ముందు రోజు మాత్రం నవ్వలేదు. "కప్పు గెలిస్తే ఈడే ఉంటా. ఓడితే మా క్లబ్బు జట్టును నడపదంట. జిద్దా వాళ్లు పిలుస్తాండారు, పోవాల్సిందే," అని నా వైపే చూసింది. వెళ్లొద్దని చెప్పాలనిపించింది. ఇంకో బాల్ అందించాను.

ఫైనల్ కూడా జిద్దా జట్టుతోనే. మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. చివరి క్షణంలో హఫ్సా ఇద్దరిని తప్పించుకుని ఎగిరింది. బాల్ రింగులో పడింది. హాలు దద్దరిల్లింది. ఆ గోలలో బజర్ ముందో, బాల్ ముందో తేల్చలేక రెఫరీ వచ్చి నన్నడిగాడు.

నాకు తెలుసు. నేను చూస్తున్నది ఆమెనే కదా. బజర్ మోగినప్పుడు బాల్ ఇంకా ఆమె వేళ్ల మీదే ఉంది. బాల్ ముందంటే ఆమె ఉంటుంది, కాదంటే వెళ్లిపోతుంది.

"బజరే ముందు," అన్నాను.

జనం నన్ను తిట్టారు. హఫ్సా అప్పటికి టేబుల్ వరకు వచ్చి ఆగింది. నన్నొకసారి చూసి, వెళ్లి జిద్దా కెప్టెన్‌కి చెయ్యి కలిపింది. ఆమె తలెత్తుకుని నడిచిన తీరుకు నా మనసు ఇంకా అటే పోయింది. ఏడుపూ వచ్చింది.

బయట సన్నగా వాన. షెడ్డు కింద తండ్రితో నిలబడి ఉంది. దగ్గరికెళ్లి, "సారీ. నువ్వు పోవద్దనే నాకుండేది," అన్నాను. ఆయన ముందే అనేశాను.

"సారీ ఎందుకు? బాల్ నా చేతిలోనే ఉన్నింది. ఆ మాట చెప్దామనే టేబుల్ కాడికి వస్తాంటి. నువ్వు ముందే చెప్పేస్తివి."

సుభాని గారు నన్ను తేరిపార చూశారు. "మా పాపను పొగిడేవాళ్లు చానామంది నాయనా. ఇట్లా చెప్పేవాణ్ణి ఈ పొద్దే చూసినా," అన్నారు. తర్వాత మా అమ్మానాన్నల గురించి అడిగారు. నన్ను జిద్దాకు మార్చడానికి నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌తో తానే మాట్లాడతానన్నారు. నన్నెందుకు మార్చడమో అర్థం కాక హఫ్సా వైపు చూశాను.

"లైట్లు లేటుగా ఎందుకు ఆర్పుతాండావో నాకు తెలీదనుకున్నావా?" అంది నవ్వుతూ. "నిఖా ఎప్పుడో నువ్వే చెప్పు. టైం సంగతిలో నీ మాటే నమ్ముతా."