లాగినవాడూ కదలాలి

శనివారం లోగా కావలసిన పనులు నాలుగు. ల్యాబ్‌లో మొరాయిస్తున్న చక్రాల స్టూళ్ళు రెండు బాగుచేయించాలి. గట్టి తాడు సంపాదించాలి. తొమ్మిదో తరగతికి తప్పు చెప్పిన పాఠం సరిదిద్దుకోవాలి. ఫిజిక్స్ టీచర్‌కి సారీ చెప్పాలి.

మొదటి మూడూ ఫిజిక్స్ టీచర్ పురమాయించినవి. నాలుగోది లెక్కల మాస్టారు తనంతట తాను చేర్చుకున్నది.

తప్పు అతనిదే. ఆమె సెలవు పెట్టిన రోజు ఆ క్లాసు అతను తీసుకున్నాడు. "చర్య, ప్రతిచర్య సమానం. దిక్కులు ఎదురెదురు. కాబట్టి రెండూ కొట్టేసుకుంటాయి" అంటూ బోర్డు మీద ధీమాగా అడ్డగీత గీసేశాడు.

మర్నాడు ఆమె ఆ గీత చూసి, గుమ్మంలో ఉన్న అతని వైపు తిరిగింది. "అవి కొట్టేసుకుంటే మీరు నేలను తన్ని ఇక్కడిదాకా ఎలా నడిచొచ్చారు మాస్టారూ?"

పిల్లలు గొల్లుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిత్రం, కోపం మాత్రం రాలేదు. ఆ రోజంతా ఆ గొంతే చెవిలో తిరిగింది.

శనివారం మధ్యాహ్నం సన్నగా వాన మొదలైంది. ల్యాబ్ అటెండరును అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. ఆయన స్టూళ్ళు తిరగేసి, చక్రాలకు గ్రీజు పట్టించి, లేచాడు.

"ఇక ఊదితే దొర్లుతాయమ్మా. నాకు వరండాలో పనుంది."

వరండాలో వాన తప్ప ఏమీ లేదు.

ఆమె ఒక్కో స్టూలు కింద ఒక్కో సుద్దగీత గీసింది. పిల్లలకు చూపించే ముందు తాము చేసి చూద్దామని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో తాడు.

"మొన్నటిదానికి సారీ అండీ," అన్నాడతను.

"ముందు లాగండి."

"మీరు ఊరికే పట్టుకోండి. మీరే నా దగ్గరికొస్తారు."

"మీరూ వస్తారు."

"లాగేవాణ్ణి నేను. నేనెందుకు కదుల్తా?"

"టీ పందెం?"

"పందెం!"

లాగాడు. ఆమె తేలినట్టు వచ్చింది. అతని కింద స్టూలూ ముందుకు జారింది. మోకాళ్ళు ఢీకొన్నాయి. కిటికీ అద్దం మీద రెండు చినుకులు కలిసి ఒకటిగా జారిపోయాయి.

"చూశారా? మీ లాగుడు నా మీద, నా లాగుడు మీ మీద. చెరో మనిషి మీద పడ్డవి ఎలా కొట్టేసుకుంటాయి?"

"మరి కొట్టేసుకునేవి ఏవి?"

ఆమె తాడును వేలికి చుట్టుకుంది. "ఒకే మనిషిని ఇద్దరు చెరో వైపు సమానంగా లాగితే. అప్పుడా మనిషి ఉన్నచోటే ఉండిపోతుంది." చుట్టిన తాడు విప్పుతూ, "మా అన్నయ్య వాళ్ళ ఊళ్ళో నాకు కాలేజీ ఉద్యోగం చూశాడు. సోమవారం ఏదో ఒకటి చెప్పాలి," అంది.

"తెలుసు. అందుకే నోరు మూసుకున్నా. ఆయన అటు, నేను ఇటు లాగితే మధ్యలో మీరు నలిగిపోతారని..." అనేసి నాలుక్కరుచుకున్నాడు.

"అంటే లాగాలని ఉందన్నమాట!"

అతను తలూపాడు.

"ఇప్పుడేగా పందెం ఓడిపోయారు! లాగితే నేనొక్కదాన్నే కదలాలా? నన్ను ఉండమనకండి. మీరు కదుల్తారా, అది చెప్పండి."

ఇంట్లో జీతం తెచ్చేది అతనొక్కడే. "అమ్మ ఉంది. చెల్లి చదువుంది. నా మీద బరువెక్కువండీ."

"బరువు కాదు, ద్రవ్యరాశి. అవీ కలిపేస్తారా?" అని నవ్వి, నేల చూపించింది. "ఆ గీతలు చూడండి. నేను తేలిక, చాలా దూరం వచ్చా. మీరు కొంచెమే వచ్చారు. లాగుడు మాత్రం ఇద్దరి మీదా సమానమే. కొంచెం కదిలినా కదలడమే మాస్టారూ."

ఆదివారం పొద్దున్న వానలోనే వచ్చి ఆమె ఇంటి తలుపు తట్టాడు, పక్కన అమ్మ. చెల్లెల్ని చూడవచ్చిన అన్నయ్యే తలుపు తీశాడు.

"మావాడు పిలవనిదే ఎక్కడికీ కదలడు బాబూ. ఇవాళ నన్నే లాక్కొచ్చాడు," అంది అమ్మ.

పెళ్ళి విషయమంతా విని అన్నయ్య ముఖం ముడుచుకున్నాడు. "మరి ఉద్యోగం?"

"తను చేరాలండీ," అన్నాడతను. "పిల్లల పరీక్షలవగానే నేనూ అక్కడే పని చూసుకుంటా. చెల్లిని కూడా అక్కడే చేర్పిస్తా."

"ఏ ఊరైతే ఏముంది, వండేది నేనేగా," అంది అమ్మ.

అన్నయ్య లోపలికి చూశాడు. కర్టెన్ వెనక నుంచి నవ్వు వినిపించింది.

"అయితే మనిద్దరం ఒకే వైపు లాగుతున్నామన్నమాట. తడుస్తూ నిలబడ్డావేం? లోపలికి రా బావా!"

ఆ స్టూళ్ళు ఇప్పటికీ ఆ ల్యాబ్‌లోనే ఉన్నాయి. మీకు ఎక్కడైనా ఒక చక్రం చప్పుడు లేకుండా దొర్లుతూ కనిపిస్తే, గ్రీజు బాబాయ్‌ని ఒక్కసారి తలుచుకోండి. చక్రాలకు గ్రీజు పెట్టినందుకే కాదు, ఏ పనీ లేని వరండాలో అంతసేపు వాన చూస్తూ నిలబడినందుకు.