ఉమ్మడి గోడలో వైరు

నిచ్చెన మీద నిలబడి వైరు లాగుతున్న మనిషిని వెనకనుంచి కాల్చారు. తుపాకీకి సైలెన్సర్ ఉంది కాబట్టి వీధిలో ఎవరికీ వినపడలేదు. తూటా మెడ వెనక దిగి గొంతులోంచి బయటికొచ్చింది. చేతిలో వైరు చేతిలోనే ఉండగా అతను కింద పడ్డాడు.

శవం మురుగుకాలవలో దొరికింది. డిపార్ట్‌మెంటు వాళ్ళు మెడకు గుడ్డ చుట్టి, పనిలో కరెంటు షాక్ కొట్టిందని ఇంటికి కబురు పెట్టారు. భార్య నమ్మలేదు. “తడి చేత్తో ఇస్త్రీపెట్టె కూడా ముట్టుకోని మనిషిరా మీ బావ. షాకేంట్రా?” అని తమ్ముణ్ణి నిలదీసింది.

తమ్ముడిదీ బావ పనిచేసిన ఆ గూఢచారి డిపార్ట్‌మెంటే. అక్కడ అతని పేరు ఉడత.

ఆ సాయంత్రమే ఉడతని చీఫ్ పిలిపించాడు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. పాత మేడ ఒకటి. అందులో అద్దెకు దిగిన మేడమ్ ఇల్లంతా కొత్త వైరింగ్ వేయిస్తోంది. వెనక గదికీ పక్కింటికీ ఉమ్మడి గోడ. రేపు మధ్యాహ్నం ఆ పక్కింట్లో రెండు దేశాల సైన్యాధికారులు యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు పెడతారు. గోడలో బాంబు పెట్టారని అనుమానం. చోటు మార్చమంటే అవతలి దేశం వాళ్ళు ఆధారం చూపమంటున్నారు. ఆధారం కోసం వెళ్ళినవాడు కాలవలో తేలాడు.

“మేడమ్ ఎవరి మనిషి?”

“విదేశీ ముఠా మనిషి. మన మనిషి కూడా. డబుల్ ఏజెంట్.”

“ఎవరికి డబుల్ సార్?”

చీఫ్ ఒక చుట్ట స్టీలు తీగ బల్లమీదుగా ముందుకు తోశాడు. గోడలోని పైపుల్లోకి వైరు లాగడానికి వాడే తీగలాగే ఉంది. కొక్కెం పక్కన ఆవగింజంత కెమెరా. అది తీసే బొమ్మ చేతి గడియారంలో కనపడుతుంది.

మర్నాడు పొద్దున, సున్నం మరకల చొక్కాతో, అతికించిన మీసంతో ఉడత ఆ మేడ తలుపు తట్టాడు. తీసినవాడు ముఠా మనిషి, నున్నటి బోడిగుండు. ముందొచ్చిన వైర్‌మ్యాన్ పని సగంలో వదిలి పారిపోయాడనీ, మధ్యాహ్నంలోగా కరెంటు సప్లై ఇవ్వాల్సిందేననీ చెప్పాడు. ఉడత పళ్ళు బిగించి తలూపాడు.

గోడలనిండా పొడుగ్గా కొట్టిన గాడులు. వాటిలో కొత్త పైపులు. ఇటుక దుమ్ము వాసనని చీల్చుకుంటూ సెంటు వాసన వచ్చింది. పట్టు గౌనులో మేడమ్ మెట్లు దిగుతోంది.

“గోడలకి చెవులుంటాయంటారు, నిజమేనా మేస్త్రీ?”

“ఉంటే కమ్మలు పెడదాం లెండి.”

కోడ్ సరిపోయింది. ఆమె పక్కగా వెళుతూ, బాంబు ఎక్కడుందో తనకీ తెలియనివ్వలేదని గొణిగింది.

ఎండ నడినెత్తికి ఎక్కేసరికి వరండాలోని మెయిన్ బోర్డు నుంచి వెనక గది దాకా వైర్లన్నీ లాగడం అయింది. ఆ గదిలో ఉమ్మడి గోడ మీద ఒకచోట మాత్రం సిమెంటు ఇంకా తడిగా, అతి నున్నగా ఉంది. ఉడత నిచ్చెనెక్కి, వైర్లు కలిసే జంక్షన్ బాక్సులోంచి స్టీలు తీగని గోడ లోపలికి దించి, గడియారం చూసుకున్నాడు. సబ్బుబిళ్ళల్లా పేర్చిన పొట్లాలు. మధ్యలో వాటిని పేల్చే డిటొనేటర్. దాని రెండు వైర్లు పైకొచ్చి, మామూలు వైర్లనుకుని అతను పొద్దున కలిపిన జాయింటులోనే కలిశాయి.

ఇంతసేపూ తను లాగింది వైరు కాదు, వత్తి. మెయిన్ ఆన్ చేస్తే చాలు, పక్కింటితో సహా ఈ వెనక భాగమంతా నేలమట్టం.

“గడియారంలో ఏం చూస్తున్నావ్?” కిందనుంచి బోడిగుండు అడిగాడు.

అడుగుతూనే నిచ్చెన తన్నాడు. ఉడత వెల్లకిలా పడ్డాడు. పక్కటెముక ఫట్‌మంది. బోడిగుండు గుండెలమీద కూర్చుని గొంతు నులిమాడు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా ఉడత చేతికి బ్యాటరీ డ్రిల్లు తగిలింది. మొదట తొడలో దించాడు. వాడు వదల్లేదు. తర్వాత డొక్కలో దించి, మీట మీద నుంచి వేలు తియ్యలేదు. వేడి రక్తం మొహంమీద చిమ్మింది. వాడు పనిముట్ల సంచి మీద బోర్లా పడి కదలడం మానేశాడు.

గుమ్మంలో మేడమ్, చేతిలో పిస్టల్. ఉడత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

“ముందొచ్చినవాడూ అచ్చం ఇలాగే నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు,” అందామె. “తర్వాత నావైపు వీపు తిప్పాడు.”

తూటా కుడి భుజాన్ని చీల్చింది. మిగతాది గోడ చూసుకుంటుందని ఆమె వరండా వైపు నడిచింది.

కటింగ్ ప్లయర్ శవం కింద ఎక్కడో ఉంది. వెతికే వ్యవధి లేదు. ఉడత నిచ్చెన నిలబెట్టి, ఒంటిచేత్తో పైకి పాకాడు. స్టీలు తీగ కొక్కేన్ని డిటొనేటర్ వైర్లకి తగిలించి, తీగని ఎడమ మణికట్టుకు మెలితిప్పి, ఒళ్ళంతా బరువు చేసుకుని కిందికి దూకేశాడు.

తీగ మాంసం కోసుకుంటూ బిగిసింది. ఒక్క క్షణం గాల్లోనే వేలాడాడు. అంతలో బాక్సు చుట్టూ పెచ్చులూడి, గాలానికి చిక్కిన చేపలా డిటొనేటర్ బయటికి ఎగిరొచ్చింది. అదే క్షణాన వరండాలో మెయిన్ టక్కుమంది.

డిటొనేటర్ గాల్లోనే పేలింది. ఉడత ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. గోడ మాత్రం గోడలా నిలబడింది.

పక్కిల్లు ఎందుకు కూలలేదో మేడమ్‌కి అర్థం కాలేదు. పిస్టల్ ముందుకు చాచి వెనక్కొచ్చింది. తలుపు చాటున ఉడత మిగిలిన మూడు వేళ్ళతో సుత్తి పట్టుకుని ఉన్నాడు. మొదటి దెబ్బకు ఆమె మణికట్టు విరిగింది. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తినప్పుడు కళ్ళముందు అక్క మొహం మెదిలింది. మూడో దెబ్బ అవసరం రాలేదు.

మెయిన్ ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుంటుండగా వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి నుంచి సూటు వేసుకున్న అధికారి. సంతకాలు పెట్టేవేళ ఈ బాదుడేమిటని విసుక్కుని, రక్తం చూసి తగ్గాడు.

“షాక్ కొట్టిందా?”

“కొంచెం.”

“పని బాగా చేస్తావా? మా వైపూ వైరింగ్ పాతదే.”

“గోడ నిలబడితే బాగా చేసినట్టేనండి,” అన్నాడు ఉడత.