కథలాపూర్ బూజు

కథలాపూర్ శివారులో పట్టపగలే హత్య జరిగింది. మందుకొట్టే డ్రోన్ ఒకటి వచ్చి చంద్రయ్య పసుపు చేనంతా ఘాటైన విషం కుమ్మరించి పోయింది. చచ్చింది మనిషి కాదు, మట్టిలో ఉండే ఒక కొత్తరకం బూజు. పసుపుకు పట్టే దుంపకుళ్లును అది ఆపేది. ఇంకెక్కడా దొరకలేదు.

ఇక ప్రాణంతో మిగిలింది జగిత్యాల ల్యాబ్‌లో శాస్త్రవేత్త తేజస్విని పెంచుతున్న ఒక్క గాజు పళ్లెంలోనే. ఆమె దానికి కథలాపూర్ పేరు పెట్టేలోపే తన పేరు తగిలించుకోవాలని, ఆ డ్రోన్ పంపిన విదేశీ ముఠా చూస్తోంది.

"పేరు మనదే కావాలి. కోడ్ వర్డ్, పసుపు కొమ్ము," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ ఫోన్‌లో.

ఏజెంట్ రాజేందర్, కోరుట్ల పసుపు బేరగాడి వేషంలో, చేతికి లేజర్ వాచీతో ల్యాబ్‌కు కాపలా వచ్చాడు. తోడుగా చీఫ్ పంపిన ఏజెంట్ సంధ్యారాణి కోడ్ వర్డ్ చెప్పింది, నవ్వింది, చాయ్ ఇచ్చింది. మనవాడు తాగాడు. అందగత్తె ఇచ్చిన చాయ్‌ను అనుమానించడం ట్రైనింగ్‌లో నేర్పరు మరి.

మెలకువ వచ్చేసరికి నోట్లో గుడ్డ, కుర్చీకి కట్టేసిన చేతులు.

"సిరిసిల్ల నూలు సార్. మగ్గాల సాంచెల నడుమ పెరిగినదాన్ని, ముడి నాకు చెప్పాల్నా? గుంజితే ఇంకింత బిగుస్తది," అంది ముఠాకు అమ్ముడుపోయిన సంధ్యారాణి, గాజు పళ్లెం ఐస్ డబ్బాలో పెట్టుకుంటూ. బల్ల మీద కవర్లో అదే బూజు ఎండబెట్టి ఉంది. "గీ సచ్చినదాంతోని నాకేం పని?" అని చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయింది.

లేజర్ వాచీ కట్టేసిన చేతికే, వీపు వెనక ఉంది. గింజుకున్న కొద్దీ నూలు మణికట్టులోకి కోసుకుపోయింది. రాజేందర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

తేజస్విని వచ్చి కట్లు కోసేసరికే బూజుకు తన పేరు పెట్టుకుంటూ ముఠా ప్రకటన ఆన్‌లైన్ పత్రికలో వచ్చేసింది. రాజేందర్ తల పట్టుకున్నాడు. తేజస్విని మాత్రం చివరిదాకా చదివి, పరుగున వెళ్లి చెత్తబుట్ట బోర్లించింది.

"నమూనాను ప్రాణంతోని దాచినమని రాసిండ్రు సార్! గట్లైతే పేరు చెల్లది. సంపి, ఎండబెట్టి దాచాలె. గిదే రూలు!"

ముఠా తప్పు దిద్దుకునేలోపే, ఆ ఎండు బూజు కవరే నమూనాగా ఆమె ప్రకటన వెళ్లిపోయింది. కథలాపూర్ పేరు నిలిచింది.

కబురు విని చంద్రయ్య ల్యాబ్‌కొచ్చాడు. కవర్లోకి చాలాసేపు చూశాడు.

"పేరు మంచిగుంది బిడ్డా. గిది మల్ల మొలుస్తదా?"

"మొలవది కాకా. పాణమున్నదాన్ని వాళ్లెత్తుకపోయిండ్రు," అంది తేజస్విని.

రాజేందర్ చెవిలో చీఫ్ ఇంకా అభినందిస్తూనే ఉన్నాడు.