నిప్పుకోడి మింగిన రహస్యం

"ఆవిడ మన మనిషేనోయ్. డబుల్ ఏజెంట్. నీ సంగతి కూడా ఆవిడకి తెలుసు."

తలపాగాలో దాచిన ఇయర్‌పీస్‌లో బాస్ మాట వినగానే సారె మీద కుండ మూతి వంకరపోయింది. పాతకాలపు ఊరిని ఇళ్లతో సహా నిలబెట్టిన ఆ మ్యూజియంలో ఏజెంట్ కొన్ని నెలలుగా కుమ్మరి వేషంలో ఉన్నాడు. ఎదురింట్లో మగ్గం నేసే ఆమెను విదేశీ ముఠా మనిషని అనుమానిస్తూనే ఆమె నవ్వుకు పడిపోయాడు. ఇప్పుడు గుండెల మీంచి బండ దించినట్టయింది.

ఆ సంతోషం కుండ ఆరేదాకా కూడా నిలవలేదు.

"దేశమంతా కరెంటు ఆపేసే కోడ్ ఆవిడ దగ్గరున్న చిప్‌లో ఉంది. ఇప్పుడే మ్యూజియం పక్కనున్న జూలో ముఠా వాడికి ఇవ్వాలి. ఇవ్వకపోతే చంపేస్తారు."

"ఇస్తే?"

"మనందరం చీకట్లో."

"వాణ్ణి పట్టుకుంటే?"

"జనంలో వాడి షూటర్లున్నారు. దారి లేదు."

ఆమె గుమ్మం ముందు ఆగింది. "ఏం బావా, కుండ కూడా నన్ను చూసి మూతి తిప్పుకుంటోంది?"

"ఎక్కడికి?"

"నిప్పుకోడికి పల్లీలు పెట్టొస్తా." పెదవులు నవ్వాయి, కళ్లు నవ్వలేదు.

అతను దూరంగా వెంట నడిచాడు. నిప్పుకోడి కంచె దగ్గర మెడలో కెమెరాతో నిలబడ్డ ముఠా వాడు కోడ్ వర్డ్ చెప్పాడు: "మెడ బాగా పొడుగు." ఆమె గుప్పిట తెరిచింది. పల్లీల మధ్య చిప్ తళుక్కుమంది. వాడు చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే ఆమె అరచెయ్యి కాస్త కంచె వైపు జరిగింది.

ముక్కు వచ్చింది. చెయ్యి ఖాళీ.

"మింగేసిందా?" వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కళ్లారా చూశారుగా. నేనేం చేసేది?"

"రేపు దాని రెట్టలో వెతుకుతాం. దొరక్కపోతే నువ్వుండవు." వాడు ఆమె జబ్బ పట్టుకుని గేటు దాటించాడు. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే కుమ్మరి కూడా దొరికిపోతాడు.

"జూ డాక్టర్ని అడిగాను," అన్నాడు బాస్. "దాని కడుపులో రాళ్లుంటాయట. చిప్ పిండైపోతుంది. దేశం బతికింది."

"ఆవిడ?"

"నకిలీ చిప్ పంపిస్తాను, రెట్టలో దూర్చు. వాళ్లు టెస్ట్ చేసుకునేలోపు ఓ గంట దొరుకుతుంది."

"గంటలో ఏం చెయ్యగలం?"

"ఏమో. రేపు పొద్దున్నే పార పట్టుకుని నిప్పుకోడి వెనకాల నిలబడు. మెత్తటి ముద్దతో పని నీకు అలవాటేగా."