వెయ్యి ఇటుకలు, ఒక మనిషి కొలత

భవదాసన్ తెచ్చిన టేకు చెక్క అచ్చును ప్రజిత తిరగేసి, బోర్లించి, అంచులు వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత దాన్ని తిరిగి అతని చేతిలోనే పెట్టి, ఇది దేనికని అడిగింది.

ఇటుకలకని చెప్పాడతను. యాగానికి వెయ్యి ఇటుకలు కావాలనీ, వాటిలో పది ఆకారాలున్నాయనీ, అన్నింటికీ మూలం ఈ చతురస్రమేననీ వివరించాడు. భుజం సరిగ్గా పదిహేడు అంగుళాలు, వెంట్రుకవాసి తేడా రాకుండా కొచ్చిలో చేయించానన్నాడు.

"పదిహేడు అంగుళాలు ఉండాల్సింది పచ్చి ఇటుకా, కాల్చిన ఇటుకా?"

"ఏదైనా ఇటుకే కదా."

ఆమె నవ్వలేదు. అదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పక్కనే మట్టి తొక్కుతున్న ఆమె తండ్రి వేలాయుధన్ మాత్రం తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ ఇటుక బట్టీ ఆయనదే.

"మట్టి ఆరితే తగ్గుతుంది ఇంజినీర్ సారే," అంది ప్రజిత. " కాలితే ఇంకా తగ్గుతుంది. మా మట్టి అయితే పన్నెండో వంతు తగ్గుతుంది. మీరు కట్టే ఫ్లాట్లకి ఇటుకలు ఎక్కణ్ణుంచి వస్తాయో ఎప్పుడైనా చూశారా?"

"లారీలో వస్తాయి," అన్నాడతను నిజాయితీగా.

ఈసారి ఆమె నవ్వింది. నిళ నది ఒడ్డున ఆ ఊరి బళ్ళో ఆమె లెక్కల టీచరు. పొద్దున్నా సాయంత్రం బట్టీ దగ్గర తండ్రికి సాయం. ఇటుకను వేలితో తట్టి, మోగిన తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలదని ఊళ్ళో పేరు. మనుషుల్ని కూడా అలాగే తడుతుందని ఆ రోజే అతనికి అర్థమైంది.

భవదాసన్ రెండు నెలలు సెలవు పెట్టి వచ్చింది తన అప్ఫన్ కోసం. అప్ఫన్ అంటే వాళ్ళ ఇళ్ళల్లో చిన్నాన్న. త్రివిక్రమన్ నంబూదిరి ఒకప్పుడు బళ్ళో సంస్కృతం చెప్పారు, ఊరంతా ఆయన్ని ఇప్పటికీ 'మాష్', అంటే మాస్టారు, అనే పిలుస్తుంది. పదకొండేళ్ళుగా ఇంట్లో మూడు అగ్నులు ఆరిపోకుండా చూసుకుంటున్నారు. ఇప్పుడు అరవై ఏడో ఏట, గద్ద ఆకారంలో అగ్నివేదిక పేర్చి ఆ పెద్ద యాగం ఒక్కసారి చెయ్యాలని ఆయన కోరిక. మీనమాసంలో, అంటే ఏప్రిల్ మొదట్లో, రోజు ఖాయమైంది. ఆ రోజుకు ఇటుకలు సిద్ధంగా లేకపోతే మళ్ళీ ఎప్పటికో, అప్పటికి ఒంట్లో ఓపిక ఉంటుందో లేదో ఆయనే చెప్పలేనన్నారు.

అచ్చులు పెద్దవి చేయించుకొచ్చిన భవదాసన్, మర్నాడు ఇంకో సంగతి కూడా పట్టుకొచ్చాడు.

"ఇటుక ఆరి కాలేసరికి ముప్పయ్యో వంతు తగ్గుతుందని పాత గ్రంథాల్లో రాశారు టీచరే. రెండు వేల ఏళ్ళు దాటింది రాసి."

"రాసినాయన మంచి మట్టి చూసుంటాడు. మా మట్టి చూడలేదు."

ఆ మాట అంటూనే ఆమె చెయ్యి చాచి, అతను ఆ గ్రంథంలోంచి రాసి తెచ్చిన కాగితం తీసుకుంది. వెంటనే తిరిగివ్వలేదు. అక్కడే నిలబడి చివరిదాకా చదివింది.

పొలంలో వేదికకు హద్దులు గీసిన రోజు ఆమె ఇంకోలా కనిపించింది. భవదాసన్ కొసలు కలిపి ముడేసిన తాడు మీద మూడు పసుపు గుర్తులు పెట్టుకొచ్చాడు. మూడు వైపులకు పదిహేను, ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది. ఒక గుర్తు వేలాయుధన్ మేకు దగ్గర పట్టుకున్నాడు, ఇంకో గుర్తు భవదాసన్ పట్టుకున్నాడు, మూడోది ప్రజిత చేతికిచ్చారు. తాడు బిగిసే దాకా వెనక్కి నడవమన్నాడతను. ఆమె నడిచింది. మూడు వైపులా తాడు ఒక్కసారి బిగుసుకుంది. ఆమె కాళ్ళ దగ్గర లంబకోణం దానంతటదే ఏర్పడింది.

ఆమె తల వంచి ఆ మూలనే చూసింది. ఆరేళ్ళుగా ఈ లంబకోణ త్రిభుజం సిద్ధాంతం పిల్లలకు బోర్డు మీద గీసి చెప్తున్నాననీ, ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదనీ అంది.

"బరువుగా ఉందా?" అన్నాడు భవదాసన్.

"మీరు గట్టిగా లాగుతున్నారు. వదలండి కొంచెం."

అతను వదల్లేదు. వేలాయుధన్ గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ పొలంలో కొలవాల్సిన దానికంటే ఎక్కువే కొలిచారు. ఏ మూలకైనా ఆమెనే నిలబెట్టేవాడతను. ఒకే మూలను మూడుసార్లు సరిచూశారేమని ఆమె అడిగితే, మొదటి రెండుసార్లు తాడు మీద దృష్టి లేదన్నాడు. ఆమె తాడు చుట్టుకుంటూ, ఈ సంగతి రాతపూర్వకంగా ఇస్తే ఇంజినీరు ఉద్యోగం పీకించగలనంది. కానీ మర్నాడు పది నిమిషాలు ముందే వచ్చింది.

నాలుగు వందల పచ్చి ఇటుకలు తాటాకు పందిరి కింద ఆరుతున్నాయి. అందులోంచి ఒకటి మాష్‌కు చూపించాలని ప్రజిత ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన పెరట్లో పంచె ఆరేస్తున్నారు. తీగ మీదికి విసరడానికి చేతులెత్తబోయి, సగంలో ఆపి, పక్కనున్న వెదురు కర్ర అందుకున్నారు. కర్రతోనే పంచె తీగ మీదికి తోశారు.

చేతులు పైకి పోవట్లేదా మాష్ అని అడిగింది. నాలుగేళ్ళుగా భుజాలు పట్టేశాయనీ, చేతులు పూర్తిగా పైకి లేవవనీ ఆయన మామూలుగా చెప్పారు. నడుము కూడా కొంచెం వంగిందని నవ్వారు. ఇటుక చూసి ముచ్చటపడ్డారు. ఆయన లోపలికి వెళ్ళాక తీగ ఎత్తు టేపుతో కొలిచి, తిన్నగా పందిరి దగ్గరికి వచ్చింది.

"మాష్‌ని ఎక్కడ నిలబెట్టి కొలిచారు?"

భవదాసన్ చూపు చేతిలోని ఫోన్ మీదికి పోయింది. ఆ చూపుతోనే ఆమెకు విషయం తెలిసిపోయింది.

వేదికకు కొలత యాగం చేసే మనిషి ఒళ్ళే. చేతులు పైకెత్తి నిలబడితే పాదాల నుంచి వేలి కొస దాకా ఎంతో, అందులో ఐదో వంతు ఇటుక భుజం. భవదాసన్ ఆ పని ఫోన్లో కానిచ్చేశాడు. అప్ఫన్ పాత సర్వీసు పుస్తకం తీయించి, ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలని చదివించుకున్నాడు. ఎత్తుకు నాలుగో వంతు కలిపితే చేతులెత్తిన ఎత్తు వస్తుందని సూత్రం. ఎనభై ఐదు అంగుళాలు, అందులో ఐదో వంతు పదిహేడు. లెక్క చక్కగా శేషం లేకుండా తెగింది. అంత చక్కగా తెగిన లెక్కను అనుమానించాలని అతనికి తోచలేదు.

"తీగ ఎత్తు ఎనభై. మాష్ చెయ్యి అది దాటట్లేదు," అంది ప్రజిత. "ఇటుకకి అంగుళం ఎక్కువ."

మొదట తెచ్చిన పదిహేడు అంగుళాల అచ్చు గుర్తొచ్చి, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయేమోనని అతను గబగబా లెక్క వేశాడు. కొట్టెయ్యలేదు. ఈసారి దాదాపు అర అంగుళం తక్కువ వచ్చింది.

"అన్నీ ఒకే పాళ్ళలో పెద్దవయ్యాయి కదా టీచరే. ఆకారం మారలేదు, కోణాలు మారలేదు. సరూప పటాలు. తొమ్మిదో తరగతిలో మీరు చెప్పేదే."

"ఆకారం మారలేదు. మనిషి మారిపోయాడు. ఆ అగ్నివేదిక తన ఒళ్ళే అనుకుని ఆయన పేరుస్తారు. మీరు పేర్పిస్తున్నది ఎవరి ఒళ్ళు?"

మాష్‌కు మీరే చెప్పండి, నేను చెప్పను అంది. చెప్పేదాకా నాతో మాట్లాడకండి అని కూడా అంది.

చెప్పడానికి భవదాసన్ నిజంగానే బయల్దేరాడు. దారిలో వైద్యశాల బోర్డు కనిపించింది. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఇటుకల్ని తగ్గించడం కష్టం. మనిషిని పెంచడం కుదరకపోతుందా?

వారం రోజులు మాష్ ఇంట్లో కాచిన నూనె వాసనే వాసన. రోజూ ఉదయం వైద్యుడు వచ్చి భుజాలు మర్దన చేసి, ఆకు మూటలతో కాపడం పెట్టి వెళ్ళేవాడు. ఇదంతా ఎందుకురా అని ఆయన అడిగితే, యాగానికి ఓపిక కావాలి కదా అన్నాడు భవదాసన్. రోజూ మధ్యాహ్నం ఏదో ఒక వంక పెట్టి, అటక మీది గిన్నె తీయమనో, మామిడి కొమ్మ వంచమనో ఆయన చేత చేతులెత్తించి కళ్ళతోనే కొలిచేవాడు. ఏడో రోజుకు అర అంగుళం పెరిగింది.

వైద్యుడి వల్ల ఆ సంగతి ఊళ్ళో పాకి ప్రజితకూ చేరింది. బట్టీ దగ్గర అతని వైపు చూడకుండానే, నాన్నను 'అచ్ఛా' అని పిలిచి ఆయనతో అంది.

"అచ్ఛా, ఇంకో తొమ్మిది వారాలు ఆగమనండి. సరిపోతుంది."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కుంభమాసంలో ఆ వాన ఎవరూ అనుకోనిది. పందిరి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా గాలికి లేచి, కొబ్బరి చెట్టుకు చుట్టుకుంది. భవదాసన్ పరుగున వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు చెరో కొస పట్టుకుని ఊగుతున్నారు.

"అచ్ఛా, ఆ మూడో కొస పట్టుకోమని చెప్పండి."

"పట్టుకున్నానని చెప్పండి," అన్నాడతను.

"గట్టిగా పట్టుకోమనండి. పొలంలో తాడు బాగానే లాగారు కదా."

"మధ్యలో నేనెందుకు," అన్నాడు వేలాయుధన్, ముక్కు మీంచి కారుతున్న నీళ్ళు ఊదుకుంటూ.

ఆమె జడ తడిసి తాడులా వీపుకు అంటుకుంది. అతను అటు చూసిన ఆ ఒక్క క్షణంలో పట్టా మళ్ళీ చేజారింది. వాన అరగంటే కురిసింది, కానీ వెలిసేసరికి పందిరి కింద నాలుగు వందల ఇటుకలూ అంచులు కరిగి, ఒకదానిలోకొకటి జారి, మట్టికుప్ప అయ్యాయి.

వేలాయుధన్ దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముప్పై మూడు రోజులున్నాయి, నలుగురు మనుషులతో మళ్ళీ మొదలుపెడితే అందుకోవచ్చు అన్నాడు. ప్రజిత మొహం తుడుచుకుంది.

భవదాసన్‌కు మాత్రం గుండె తేలికపడింది. ఎలాగూ అన్నీ మళ్ళీ చెయ్యాలి. ఎనభై అని ఆమె కొలత ఉండనే ఉంది. అచ్చులు కొంచెం కోయిస్తే చాలు. అప్ఫన్‌కు వాన సంగతి తెలుస్తుంది, అంతే. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ తేలికదనం ఇంటికి వెళ్ళేదాకా ఉంది. అరుగు మీద మాష్ వానకు తడిసిన దర్భలు వేరుచేసి ఆరబెడుతున్నారు.

"ఇటుకలు పోయాయట కదా. విన్నాను."

"పోయాయి అప్ఫన్." అతను మెట్టు మీదే ఆగిపోయాడు. "వాన రాకపోయినా పనికొచ్చేవి కావు. నేను మిమ్మల్ని కొలవలేదు. మీ సర్వీసు పుస్తకం చూసి లెక్క కట్టాను. కొలత తప్పు."

మాష్ చేతిలో దర్భలు కింద పెట్టారు.

"అది రాసిన రోజు నాకు ఇరవై నాలుగేళ్ళు. అప్పుడు నేనూ నిటారుగానే ఉండేవాణ్ణి." మెట్టు మీది భవదాసన్ వైపు తిరిగి అడిగారు. "నూనె పట్టించింది ఇందుకా?"

"అవును."

"అన్న కొడుక్కి నా మీద ఎంత ప్రేమ అని వారం రోజులుగా అందరికీ చెప్పుకుంటున్నాను."

భవదాసన్ తల ఎత్తలేదు. తప్పెవరు పట్టారని ఆయన అడిగితే ప్రజిత పేరు చెప్పాడు. చెప్పమని ఆ పిల్లే పంపిందా అని మళ్ళీ అడిగారు.

"లేదు. ఆమె నాతో మాట్లాడటం మానేసి వారమైంది. వాన పడ్డాక ఇక చెప్పక్కర్లేదనుకున్నాను. కానీ మీ మొహం చూశాక దాచలేకపోయాను."

రేపు పొద్దున్నే టేపు తీసుకుని రమ్మను ఆ పిల్లని, అన్నారు మాష్. అంతకు మించి కోప్పడలేదు.

మర్నాడు ఉదయం పెరట్లో నిలువుగా ఒక వెదురు పాతారు. మాష్ దానికి వీపు ఆనించి నిలబడ్డారు. వేలాయుధన్ వెదురు కదలకుండా పట్టుకున్నాడు. ప్రజిత పీటెక్కింది. ఆయన చేతులు చెవులు దాటి ఎంత వెళ్తే అంతదాకా ఎత్తారు, వేళ్ళ కొస దగ్గర ఆమె సుద్దముక్కతో గీత గీసింది. ఎనభైన్నర. భవదాసన్ కాగితం మీద రాసుకున్నాడు. ఆమె అతని భుజం మీదుగా చూసి, అంకె సరిగ్గా రాశాడని తేల్చుకుని, ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి అతనితో నేరుగా మాట్లాడింది.

"మాష్ చెప్పారు. మీరే వచ్చి చెప్పారట."

"ఆలస్యంగా చెప్పాను."

"చెప్పక్కర్లేని రోజున చెప్పారు."

ఆమె పీట దిగింది. మాష్ మాత్రం చేతులు దించలేదు. అయిపోయింది మాష్, దించండి అంది.

"నాకు చెప్పాల్సింది వీడు చెప్పాడు. నీకు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. ముందది కానివ్వండి, దించుతాను."

వేలాయుధన్ వెదురు వైపు చూస్తూ ఉండిపోయాడు. భవదాసన్ మొహం కాలిన ఇటుక రంగుకు వచ్చింది. నంబూదిరి ఇల్లు, ఇటుక బట్టీ ఇల్లు, మధ్యనున్న దూరం ఏ తాడుకూ అందదని అతను రోజూ అనుకుంటున్నదే. అదే గొణిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో, మీ నియమాలకు ఏమవుతుందో అన్నాడు.

"నా నియమాలు నావి. నేను పాటిస్తాను. ఇంకొకరి కొలత తెచ్చి నామీద పెడితే ఏమవుతుందో నిన్న నువ్వే వచ్చి చెప్పావు. నా కొలత తెచ్చి నీ పెళ్ళి మీద పెట్టనా? మీ నాన్నతో నేను మాట్లాడతాను. త్వరగా కానీరా, భుజాలు లాగేస్తున్నాయి."

భవదాసన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. చివరికి దాన్ని వేలాయుధన్ చేతికిచ్చి, ప్రజిత వైపు తిరిగాడు.

"టీచరే, నేను లెక్కలు తొందరపడి కడతాను. పక్కన సరిచూసే మనిషి కావాలి. ఎప్పటికీ కావాలి. మీరంటే నాకు ఇష్టం. పొలంలో తాడు పట్టుకున్న రోజు నుంచీ."

ఆమె తండ్రిని చూసింది. వేలాయుధన్ కాగితం తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నాడు. నీ ఇష్టమే అమ్మా, అన్నాడు అందులోంచి తల ఎత్తకుండా.

ప్రజిత చేతికంటిన సుద్ద దులుపుకుంది.

"యాగం ఏప్రిల్లో అయిపోతుంది," అంది. "మే నెలంతా బడికి సెలవులు. జూన్ ఒకటిన మాత్రం నేను క్లాసులో ఉండాలి."

మాష్ చేతులు దించారు.