డిక్కీలో తగ్గిన గాలి

ఏజెంట్ కెస్లర్ చనిపోయే ముందు చెప్పగలిగింది రెండు మాటలే.

"టావో... డిక్కీ..."

శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్‌లో ఒక కార్ వాష్ ఆవరణ. పట్టపగలు. సైలెన్సర్ ఉన్న పిస్టల్. నీళ్ళ బ్రష్షుల మోతలో తూటా చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతని బ్రీఫ్‌కేస్ దొరికింది. అందులో ఉండాల్సిన, రహస్య సందేశాలు విప్పే సైఫర్ మెషిన్ దొరకలేదు.

"సబ్బు పెట్టెంత ఉంటుంది," అన్నాడు కర్నల్ వీమ్స్. పళ్ళ డాక్టరు బోర్డు వెనక బ్యూరో ఆఫీసులో ఏసీ పనిచేయడం మానేసి వారమైంది. ఆయన మెడ మీద తడి రుమాలు వేసుకుని కూర్చున్నాడు. "తీసుకున్నది కోబాల్ట్ ముఠా. సముద్రం అవతలి వాళ్ళు. మీ అన్న పంపిన సందేశాలన్నీ వాళ్ళు రికార్డు చేసి పెట్టుకున్నారు. చదవలేక ఊరుకున్నారంతే. ఆ మెషిన్ వాళ్ళ దేశం చేరిన రోజు చదువుతారు. చదివితే అబెల్ ఎవరో తెలుస్తుంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఇసిద్రో మోంటాల్వోకి అబెల్ సొంత అన్న. అబెల్ ఆరేళ్ళుగా వాళ్ళ రాజధానిలో వంటవాడి వేషంలో ఉన్నాడు. బయటికి తేవడానికి ఈ నెలలో దారి లేదు.

"టావో అంటే?"

"ఒక్టావియో కింటనియా. కార్ల డిక్కీల్లో సబ్‌వూఫర్ బాక్సులు, అంటే బాస్ స్పీకర్లకు గూళ్ళు, కడతాడు. ఫైబర్‌గ్లాస్ పని. ఈ ఆదివారం పార్కులో బాస్ పోటీ, ఎవరి కారు ఎక్కువ మోగుతుందో అని. అయిపోగానే అతను బాక్సులు కట్టిన కార్లన్నీ వరసగా సరిహద్దు అవతల మాంటెర్రే షోకి బయల్దేరతాయి. లారెడో వంతెన దాటితే మన చేయి జారినట్టే. వాటిలో ఒకదాని డిక్కీలో మెషిన్ ఉంది."

"అన్నీ ఆపి బాక్సులు పగలగొడితే?"

"మొదటి బాక్సు పగిలేసరికి అసలు కారు దారి మళ్ళుతుంది. ఒక్క కారే ఆపాలి. ఏ కారో నువ్వు చెప్పాలి. కుర్రతనంలో మీ మామయ్య పడవల షెడ్డులో ఫైబర్‌గ్లాస్ పని చేశావుగా?"

"చేశాను సార్."

"ఆ పనే మళ్ళీ చెయ్. కోబాల్ట్‌లో మన మనిషి ఒకామె ఉంది. వాళ్ళ దగ్గర ఉంటూ మనకు కబురిస్తుంది. తనే వచ్చి కలుస్తుంది."

కర్నల్ ఒక పెన్ను ఇచ్చాడు. సైఫర్ మెషిన్‌కు దగ్గరైతే వణికే పెన్ను. లాబ్ వాళ్ళు ఏడాది కష్టపడి చేశారట. ఇసిద్రో పనివాడిగా టావో షాపులో అడుగుపెట్టగానే అది వణకడం మొదలుపెట్టి ఆగలేదు. ప్రతి సబ్‌వూఫర్ వెనకా పళ్ళెమంత అయస్కాంతం ఉంటుందని లాబ్ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఇసిద్రో దాన్ని ఫైబర్‌గ్లాస్‌ను గట్టిపరిచే రెజిన్ కలపడానికి వాడుకున్నాడు. కష్టపడి చేసింది ఏదో ఒక పనికి రావాలి కదా.

*

టావో నలభై దాటినవాడు. లావాటి వేళ్ళు, సన్నటి మీసం. మనిషిని చూడకముందే అతని పని చూడాలి. చూసిన వెంటనే ఇసిద్రోకి కడుపులో మంట మొదలైంది.

డిక్కీలో టేపు, వెండి కాగితం పరిచి, దాని మీదే గాజుపీచు చాపను రెజిన్‌తో తడిపి అచ్చు తీస్తాడు. అందువల్ల బాక్సు వెనకభాగం డిక్కీ ఒంపులకు చర్మంలా అతుక్కుంటుంది. ముందు వైపు చెక్క రింగును పుల్లల మీద నిలబెట్టి, ఫ్లీస్ గుడ్డను ఢోలు మీద తోలులాగా లాగి, రెజిన్ పూస్తాడు. గట్టిపడ్డాక చూస్తే నీటి అల అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. ఇసిద్రో అలాంటి వంపు ఒక్కటైనా తీయాలని కుర్రతనమంతా ప్రయత్నించాడు. ప్రతిసారీ గుడ్డ ఎక్కడో ముడత పడేది.

"కొత్త గురూ," అన్నాడు టావో, మాస్క్ కిందికి లాగి. "హార్డెనర్ అంత పోశావేంటి? అది రెజిన్. మీ అత్తగారి సూప్ కాదు."

"ఎండాకాలం కదా మాస్టారూ, తొందరగా పట్టేస్తుందని కొంచెమే పోశాను."

"పొగ వస్తోంది చూడు. కొంచెమే అంట!"

డబ్బా నిజంగానే పొగలు కక్కుతోంది. షాపంతా నవ్వింది. ఇసిద్రో కూడా నవ్వాడు. ఆ నవ్వు వేషంలో భాగం. మంట మాత్రం సొంతం.

షాపులో అన్ని కార్లూ రోజంతా మోగుతూనే ఉండేవి. టావో సొంత కారు, ఆకుపచ్చ మాంటె కార్లో, ఒక్కటే మూలన మౌనంగా ఉండేది. ఏటా ఈ పోటీలో గెలిచే కారు అదే. ఈసారి దింపడం లేదన్నాడు. ఆంప్లిఫయర్, వాళ్ళ మాటలో ఆంప్, చెడిపోయిందట.

బుధవారం ఆమె వచ్చింది.

పసుపు రంగు గౌను, మెడకు సన్నటి పచ్చరాయి గొలుసు, ఓపెన్ టాప్ కారు. పెర్లా సెర్టూచె. మాంటెర్రే షోకి కార్లను కుదిర్చే ఏజెంటుగా ఊరందరికీ తెలుసు. రెజిన్ వాసనకు ముక్కు కూడా ముడవలేదు. ఇసిద్రో పక్కన ఆగి, గోళ్ళు చూసుకుంటూ అడిగింది.

"ఆదివారం బార్బకోవా తినడానికి ఎక్కడికెళ్ళాలి?"

ఇసిద్రో గరుకు కాగితం ఆపకుండానే బదులిచ్చాడు. "బుగ్గ మాంసం దొరికే చోటికి."

"కొవ్వుతోనా, లేకుండానా?"

"కొవ్వు లేకపోతే అది బార్బకోవా కాదు."

కోడ్ సరిపోయింది. పెర్లా గొంతు తగ్గించింది. "ఏ కారో నాకింకా తెలియదు. తెలియగానే చెప్తాను."

అంతలో టావో వచ్చాడు. ఆమె మొహం వెలిగింది. కొత్త బాక్సు మీద అరచేతిని మెల్లగా, పసిబిడ్డ బుగ్గ నిమిరినట్టు నిమిరింది. "అబ్బా టావో! నీ చేతులకు బీమా చేయించు."

టావో పొంగిపోయాడు. ఇసిద్రో చేతిలో గరుకు కాగితం రెండుగా చిరిగింది.

ఆ సాయంత్రం అతను తనలోని అసూయను సరుకులా బయటపెట్టి తూకం వేశాడు. ఎక్కువే తూగింది. ఆమె మీద కొంత ఉంది, నిజమే. కానీ ఎక్కువ భాగం ఆ వంపు మీదే. ఊరికే మోస్తే బరువు. అమ్మితే సరుకు. తనకే ఇంత మండితే, ఎవరి పనీ మెచ్చుకోని టావోకి ఎంత మండుతుంది? ఏ ఊళ్ళో ఎవరి బాక్సు గురించి విన్నా "బాగానే ఉంది, పాపం" అనే మనిషి. ఆ "పాపం" అనడంలోనే అతని ఆస్తి అంతా ఉంది.

ఇంకో సంగతి కూడా అతను బేరీజు వేశాడు. సబ్‌వూఫర్‌కు బాక్సు లోపల ఇంత గాలి అని లెక్క ఉంటుంది. పనివాళ్ళు బాక్సులో థర్మకోల్ గింజలు నింపి, కొలిచి, ఆ లెక్క చూస్తారు. గాలి తగ్గితే కింది స్వరం పలచబడుతుంది. సైఫర్ మెషిన్ సబ్బు పెట్టెంతే. కానీ వంతెన దగ్గర స్కానర్లను మోసం చేయాలంటే దాని చుట్టూ సీసం తొడుగు కావాలి. అంటే గుమ్మడికాయంత గూడు. అంత గాలి పోయిన బాక్సు సరిగ్గా పాడదు. తన బాక్సు అలా పాడుతుంటే టావో వినలేడు, మోగించకుండా మూలన పెడతాడు.

మిగిలిన రోజులు ఇసిద్రో, టావోని మండించడానికే, తన పాత నల్ల కట్లస్ కారుకు బాక్సు కట్టాడు. గుడ్డ ముడత పడింది. కత్తిరించి మళ్ళీ లాగాడు. మళ్ళీ పడింది. చివరకు టావో ఎలా లాగుతాడో గుర్తు తెచ్చుకుని, మధ్య నుంచి అంచులకు కాకుండా మూలల నుంచి లోపలికి లాగాడు. అల నిలబడింది. దొంగిలించిన పనితనమే. గూఢచారికి దొంగతనంలో సిగ్గెందుకు?

*

ఆదివారం పార్కులో డిక్కీలన్నీ తెరిచి ఉన్నాయి. ఓక్ చెట్ల కింద కాగితం పళ్ళేల్లో బార్బకోవా మాంసం, టోర్టియా రొట్టెలు, ఐసు డబ్బాల్లో ఎర్ర సోడా. మోత కొలిచే మీటరు పట్టుకున్న గాటో లూనా అనే లావుపాటి మనిషి మైకులో అరుస్తున్నాడు.

"మీటరు నడుస్తున్నంతసేపు ఏ బండీ కదలకూడదు! కదిలితే వాళ్ళమ్మకి ఫోన్ చేస్తా!"

పెర్లా కళ్ళజోడు సర్దుకుంటూ ఇసిద్రో పక్కకు వచ్చింది. "తెలిసింది. తెల్ల రీగల్ కారు. టావో దగ్గర బాక్సు కట్టించుకున్న లాలో అనేవాడిది. అది మొదటి వరసలో వెళ్తుంది. మీ కర్నల్‌కి చెప్పు."

"టావో కారు కాదా?"

"టావోనా? అతనికి బాక్సులు తప్ప ఇంకేం తెలుసు, పాపం. అమాయకుడు."

ఆ "పాపం" ఇసిద్రోకి గుచ్చుకుంది. ఆమె గొంతులో ఆ మాట మెత్తగా ఉంది, మరీ మెత్తగా. ఇసిద్రో చెవిలోని ఇయర్‌పీస్‌లో కర్నల్ గొణుగుతున్నాడు. "మోంటాల్వో, ఏ కారు? వరస బయల్దేరబోతోంది. చెప్పవేం?"

తెల్ల రీగల్ అని చెప్పడానికి నోరు తెరిచాడు. మూశాడు. ఆమె మీద అనుమానానికి ఆధారం ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక మగవాడి కడుపుమంట. దాన్ని నమ్మి అన్న ప్రాణం పందెం పెట్టడం ఏ లెక్కకూ అందదు. అయినా పెట్టాడు.

"ఒక్క రౌండ్ ఆగండి సార్."

నల్ల కట్లస్ వంతు వచ్చింది. ఇసిద్రో స్విచ్ వేశాడు. నేల లోపలి నుంచి ఏదో లేచినట్టు స్వరం వచ్చింది. సోడా సీసాలు బల్ల మీద నడిచాయి. ఓ ముసలమ్మ జుట్టు పట్టుకుని నవ్వింది.

"నూట యాభై ఒక్క డెసిబెల్స్!" గాటో లూనా గొంతు చీలిపోయింది. "ఈ ఏటి రాజు కొత్తోడే! టావో! చూస్తున్నావా టావో?"

పెర్లా కళ్ళు ఇసిద్రో మీద పడ్డాయి. మాట వినని మగవాణ్ణి మళ్ళించడం ఆమెకు తెలిసిన విద్య. దగ్గరకు వచ్చింది. కట్లస్ డిక్కీలోకి వంగి, ఆ నల్లటి వంపుకు చెంప ఆనించింది. "సిద్రో! ఇంత నున్నటిది నేనెక్కడా చూడలేదు తెలుసా?"

ఆమె అక్కడ తప్పు చేసింది. ఆడదాని కోసం మండే మగవాణ్ణి ఎలా ఆపాలో ఆమెకు తెలుసు. బాక్సు కోసం మండేవాణ్ణి ఆమె జీవితంలో చూడలేదు.

టావో చేతిలోని టాకో కింద పడింది.

"నున్నటిదా?" అన్నాడు. "అదా నున్నటిది? ఆ మూల చూడు, గుంట! గుడ్డ లాగడం నా దగ్గర నేర్చుకుని నా ముందే..."

"ఈ ఏటికి పోనీ టావో," అంది పెర్లా గబగబా. "నీ ఆంప్ బాగాలేదుగా."

"నా ఆంప్‌కి ఏమైంది? ఆంప్ బ్రహ్మాండంగా ఉంది!"

అతను ప్రయాణానికి వరసలో నిలబెట్టిన తన మాంటె కార్లో డిక్కీ తెరిచాడు. కటింగ్ మెషిన్ అందుకున్నాడు. తన సొంత బాక్సు వెనకవైపు, ఏ తండ్రీ బిడ్డ ఒంటి మీద కత్తి పెట్టనట్టే తనెప్పుడూ పెట్టని చోట, బ్లేడు పెట్టాడు. తెల్లటి దుమ్ము లేచింది.

"టావో, వద్దు!" పెర్లా గొంతులో తీపి పోయింది. "పిచ్చెక్కిందా? అవతల చేరేదాకా ముట్టుకోవద్దని చెప్పానా లేదా!"

"ఒక్క రౌండ్ అమ్మాయ్. నా గాలి నాకు కావాలి. తర్వాత మళ్ళీ పెట్టేస్తా."

సీసం తొడుగు చుట్టిన గడ్డ ఒకటి లాగి గడ్డి మీదికి విసిరాడు. కోసిన చోట ఒక ముక్క అతికించి, టేపు చుట్టి, బిగించాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు అది పాత బ్యాటరీలా కనిపించింది. ఇసిద్రోకి అన్న మొహంలా కనిపించింది.

పెర్లా ముందు కదిలింది. గడ్డను ఎత్తి చంకలో పెట్టుకుంది. రెండో చేతిలో లిప్‌స్టిక్ తెరుచుకుంది. అందులోంచి చిన్న తుపాకి గొట్టం బయటికి వచ్చింది.

"కర్నల్‌కి నా నమస్కారాలు చెప్పు సిద్రో. నాలుగేళ్ళు బాగా పోషించాడు."

"కెస్లర్‌ని నువ్వే..."

"చాలా మర్యాదస్తుడు. డోరు తీసి పట్టుకున్నాడు, పాపం."

వెనక్కి నడుస్తూ ఆమె పచ్చరాయి గొలుసులో దాచిన మైకు దగ్గరికి నోరు తెచ్చింది. రోడ్డు మీద ఇంజను ఆపకుండా ఒక వ్యాను నిలబడి ఉంది. కోడ్ వినపడగానే అది గడ్డి మీదుగా దూసుకువస్తుంది.

"మెకాంగ్ బ్లూ," అంది పెర్లా. "మెకాంగ్ బ్లూ!"

ఆమె నోరు తెరిచిన క్షణమే టావో స్విచ్ వేశాడు.

దాన్ని శబ్దం అనడానికి లేదు. పార్కు మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టయింది. ఓక్ ఆకులు రాలాయి. మనుషుల చొక్కాలు ఒంటికి అంటుకున్నాయి. పెర్లా నోరు కదులుతోంది, మాట రావడం లేదు. వ్యానులో మనిషి చెవి నొక్కుకుని, తల ఊపి, కిటికీ మూసేశాడు. ఆమె అరిచింది. ఎవరూ వినలేదు. ఇసిద్రో దూకాడు. ఆమె పేల్చింది. అదీ ఎవరూ వినలేదు. తూటా అతని భుజం పక్కనుంచి వెళ్ళి నల్ల కట్లస్ డిక్కీలో దిగింది. రెండోది పేలేలోపు ఆమె మణికట్టు అతని చేతిలో ఉంది. సీసం గడ్డ అతని కాళ్ళ దగ్గర ఉంది.

స్వరం ఆగింది. చెవుల్లో ఈలలు.

"నూట యాభై మూడు!" అన్నాడు గాటో లూనా, మీటరు కొట్టుకుంటూ. "అయ్య బాబోయ్, నూట యాభై మూడు!"

బ్యూరో మనుషులు అన్ని వైపుల నుంచీ వచ్చారు. వ్యాను మలుపు తిరగకముందే దొరికింది. సంకెళ్ళు పడుతుంటే కూడా టావో ఇసిద్రో బాక్సులోని చిల్లు వైపు మెడ చాచి చూస్తున్నాడు.

"ఎన్ని పొరలేశావు?"

"మూడు."

"నాలుగోది వేసుంటే తూటా ఆగేది," అన్నాడు టావో, ఎంతో తృప్తిగా. "బాగానే ఉంది, పాపం."

రాజధానిలోని వంటవాడు, అబెల్, ఆ సాయంత్రం ఎప్పటిలాగే రహస్య రేడియోలో వాతావరణం కబురు పంపాడు, అంటే క్షేమమే. కర్నల్ వీమ్స్ ఆ కబురు తనే స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు.

"రిపోర్టుకి ఒక్క ప్రశ్న," అన్నాడు కర్నల్. "మన వైపు నష్టం ఏమైనా ఉందా?"

"ఉంది సార్. రెండో బహుమతి వచ్చింది."